సేబతి బయటికి తెచ్చిన కుండ

మా గుడియా వాడలో, అంటే ఒడిశా మిఠాయివాళ్ల వీధిలో, వాళ్ల ఇళ్లు ఇరవై రెండు. ఇరవై ఒక్క ఇళ్లలో నూనె బాణలి పని; గజా, ఖాజా మిఠాయిలు వేయిస్తారు. పాలు విరగ్గొట్టి ఛెనా తీసేది సేబతి ఇంట్లో మాత్రమే. ఆ పనికి పుల్లనీళ్లు కావాలి. పుల్లనీళ్ల కుండ వంటింటి మూలన, కొబ్బరిపీచు చుట్టకుదురు మీద ఉండాలి. సేబతి ఇంటి కుండ మాత్రం నాలుగేళ్లపాటు వాడ చివర, మేము అద్దెకున్న ఇంటి అరుగు మీద ఉంది. ఆమె పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి బిందె చంకన పెట్టుకుని వాడ పొడవునా నడిచేది. పొద్దున పుల్లనీళ్లు తీసుకెళ్లడానికి, మధ్యాహ్నం ఆనాటి విరుగునీళ్లు తెచ్చి కుండలో పోయడానికి.

సేబతి పుట్టిల్లు పిపిలి దగ్గర. తండ్రి ఖాజాలు వేసేవాడు. పద్దెనిమిదో ఏట నటబర గుడియాను పెళ్లి చేసుకుని కుశభద్ర ఏటి ఒడ్డున ఉన్న ఈ వాడకు వచ్చింది. వచ్చిన రోజునే అత్తగారు హరమణి ఆమె చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నూనె చేతులు. పాలకి పనికిరావు," అందట. ఆ మాట తరువాత ఇరవై మూడేళ్లు చెల్లింది. సేబతి పాలు వడగట్టింది, పొయ్యి ఊదింది, గుడ్డలు ఉడికించి ఆరేసింది, ఛెనా మూట మీద రాయి పెట్టింది, ఒక కూతుర్ని కని పెంచి పెళ్లి చేసి పంపింది. పాలలో పుల్లనీళ్లు పోయడం మాత్రం ఒక్కరోజు కూడా చేయలేదు. పోసే సమయానికి హరమణి ఆమె వైపు వీపు తిప్పేది.

"జరుగు, నీడ పడుతోంది," అనేది.

"నీడ పడితే పాలు విరగవా అత్తమ్మా?"

"విరిగితేనేగా చేసేది. నోరు ముయ్యి, గుడ్డ అందుకో."

చూడటానికి ఆ పనిలో పెద్దగా ఏమీ ఉండదు. పాలు పొంగించి దించుతారు. కాస్త వేడి తగ్గనిచ్చి, పుల్లనీళ్లను అంచు వెంట సన్నని ధారగా పోస్తూ చెక్క తెడ్డుతో నెమ్మదిగా తిప్పుతారు. ఒక క్షణం వరకు అవి పాలు; ఆ తరువాత తెల్లని ముక్కలు, లేత ఆకుపచ్చ నీళ్లు. పాలలో కేసిన్ అనే ప్రోటీన్ కంటికి కనపడనంత చిన్న ఉండలుగా తేలుతుంటుంది. ఉండలన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తిరుగుతాయి. ఆమ్లం తగిలితే ఆ ఆవేశం పోతుంది, ఉండలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్యలో దొరికిన కొవ్వును కూడా పట్టుకుంటాయి. అదే ఛెనా. పాలలోని చక్కెర, లవణాలు, కొన్ని చిన్న ప్రోటీన్లు నీళ్లతో వెళ్లిపోతాయి. ఆ నీళ్లను చల్లార్చి కుండలో పోస్తే, అందులో ముందే ఉన్న సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. మర్నాటికి అవే పుల్లనీళ్లు. నిమ్మరసం పిండినా, వెనిగర్ పోసినా పాలు విరుగుతాయి. కాని ఆ ఛెనా గట్టిపడుతుంది, రసగోళా నమలాల్సి వస్తుంది.

పదిహేను లీటర్ల కుండ. రోజూ పది లీటర్లు తీస్తారు, అయిదు ఉంచుతారు. పూర్తిగా ఖాళీ చేయకూడదు. వేడినీళ్లు పోయకూడదు, పోస్తే కుండ "చచ్చిపోతుంది". అలా మూడు తరాలుగా ఆ కుండ ఖాళీ కాలేదు. కుండ పగిలినా నీళ్లు కొత్త కుండలోకి మారేవి. హరమణికి ఆమె అత్త ఇచ్చింది, ఆ అత్తకు ఆమె అత్త.

దానికి ఒకే ఒక గండం ఉంది. ఇంట్లో మనిషి పోతే పదో రోజున వంటింట్లోని మట్టికుండలన్నీ బయట పారేస్తారు. పొయ్యి తగిలినదేదీ ఉండకూడదు. దూరపు బంధువుల మైలకు కుండలో తులసాకు వేస్తే సరిపోతుంది; సొంత ఇంట్లో చావుకు ఆకు చాలదు. వాడంతా ఒకే వంశం, కాబట్టి పక్కింట్లో దాచినా అదే మైల. అందుకని ఇంట్లో మనిషి ఊపిరి పోకముందే కుండ వేరే వంశం వాళ్ల ఇంటికి చేరాలి. పదకొండో రోజు శుద్ధి అయ్యాక తిరిగి వస్తుంది. వాడ చివరి ఇల్లు ఎప్పుడూ బడి పంతుళ్లకు అద్దెకిస్తారు కాబట్టి కుండ అక్కడికే వెళ్తుంది. వెళ్లడం వాడంతా చూస్తుంది. చూశాక ఆడవాళ్లు పొయ్యి మీది పని దించేసి ఆ ఇంటికి బయలుదేరతారు. హరమణి కాలంలో కుండ రెండుసార్లు వెళ్లింది, మామగారికి ఒకసారి, భర్తకు ఒకసారి. రెండుసార్లూ సాయంత్రానికల్లా ఏడుపు వినిపించింది.

నాలుగేళ్ల కిందట, జగన్నాథుడి రథాలు గుడికి తిరిగొచ్చే బాహుడా రథయాత్ర వారంలో, హరమణికి జ్వరం వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగింది. అప్పటికి ఆమెకు డెబ్బై నాలుగు. బ్లాకు ఆసుపత్రి డాక్టరు రెండు రోజులు సూదులు వేసి, ఇంటికి తీసుకెళ్లండని చెప్పాడు. మంచం మీద ఆమె ఎవరినీ గుర్తుపట్టలేదు. నటబర గంగాజలం సీసా చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. కుండ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తడమంటే ముసలామె పోతుందని అనడమే.

మధ్యాహ్నం వానలో సేబతి మా అరుగు ఎక్కింది. కుండ మూతికి అరిటాకు కట్టి ఉంది.

"గురుమా, ఇక్కడ కొంచెం చోటిస్తావా?" ఇక్కడ బడి పంతులమ్మను గురుమా అంటారు.

"లోపల పెట్టు మౌసీ, జల్లు కొడుతోంది," అన్నాను. మౌసీ అంటే పిన్ని.

"వద్దు. లోపల పెడితే మీ వంటింటిది అయిపోతుంది. అరుగు చాలు."

"జేజేమా..." అన్నాను. హరమణిని మేమంతా అలాగే, నానమ్మా అని పిలిచేవాళ్లం.

"ఊపిరి ఉంది," అంది. "ఉంది కాబట్టే తెచ్చాను."

మా పాపకు అప్పుడు ఎనిమిది నెలలు, పాకుతోంది. చేతికందినదంతా నోట్లో పెట్టుకునే వయసు. నేను కుండ చుట్టూ పాత బెంచీ పలకలు అడ్డం పెట్టి, రోజుకు నాలుగుసార్లు డెట్టాల్ గుడ్డతో అరుగు తుడిచాను. అది చూసి సేబతి నవ్వలేదు. ఆ రోజు ఆమె దేనికీ నవ్వే స్థితిలో లేదు.

సాయంత్రం ఏడుపు వినపడలేదు. మర్నాడూ వినపడలేదు. మూడో రోజు పొద్దున హరమణి కళ్లు తెరిచి, "పఖాళ ఉందా? వడియాలు నలిపి వేసి తీసుకురా," అంది. నానబెట్టిన చద్దన్నం ఆ మూడు రోజుల్లో ఎవరు తిన్నారని ఉంటుంది? సేబతి మూడిళ్లు తిరిగి తెచ్చింది. అయిదో రోజు ముసలామె గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. మూలన చుట్టకుదురు ఖాళీగా ఉంది.

"కుండేదిరా?"

"కడిగి ఎండబెట్టామమ్మా," అన్నాడు నటబర.

"ఆషాఢంలో ఎండ ఎక్కడిదిరా నీకు?" కోడలి వైపు తిరిగింది. "ఏమే, పంతులమ్మ ఇంటికేనా?"

"అవునత్తమ్మా."

"నేను ఊపిరి తీస్తుండగానే?"

సేబతి వంగి ఖాళీ కుదురు పీచు సర్దింది.

"అంత తొందరేమొచ్చిందే? చంకలో ఇంకో పక్క ఖాళీయేగా, నన్ను కూడా ఎత్తుకుని పూరీ స్వర్గద్వారం శ్మశానంలో దింపి రావాల్సింది. ఒకే నడక."

కుండను వెంటనే తిరిగి తెచ్చారు. హరమణి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది, ఒళ్లో కర్ర.

"బయటికెళ్లిన కుండ పదకొండో రోజు శుద్ధి అయ్యాకే లోపలికొస్తుంది. మా అత్త చెప్పింది, ఆమె అత్త చెప్పింది. నా పదో రోజయిందా? కాలేదు. అయ్యేదాకా అక్కడే ఉండనీ."

"అమ్మా, నువ్వు బతికే ఉన్నావుగా," అన్నాడు నటబర.

"అదే నేనూ అంటున్నా. నీ పెళ్లానికి చెప్పు."

పురోహితుణ్ణి అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించి, "చచ్చినవాళ్లకి విధులున్నాయి గాని, చావనివాళ్లకి లేవు. ఇలాంటిది ఎప్పుడూ జరగలా," అన్నాడు. కుండ మళ్లీ మా అరుగు మీదికి వచ్చింది.

నడక అప్పుడు మొదలైంది. మొదట్లో వాడలోని ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూసేవాళ్లు. "ఏమ్మా సేబతీ, కుండని పుట్టింటికి పంపావా?" అనేది ఒకామె. "కాదు, అత్తారింటికి పంపింది. ఇక పండగలకి పిలుస్తుంది," అనేది ఇంకొకామె. సేబతి బిందె మరో చంకకు మార్చుకుని పోయేది. ఇంటికి ఎవరు వచ్చినా హరమణి మంచం మీది నుంచి ఆమెను చూపించి, "ఇదిగో, నన్ను పంపించేసిన కోడలు. టీ బాగానే పెడుతుంది," అని పరిచయం చేసేది.

ఇంకో సంగతి అంతకంటే కష్టమైంది. జ్వరం తరువాత హరమణి చేతులు వణికేవి, కడవ ఎత్తలేకపోయేది. పోసే పని సేబతి మీదే పడింది, నలభై ఒకటో ఏట, ఎవరూ నేర్పకుండా. మొదటి రోజు పాలు మరీ వేడిగా ఉండగా పోసింది. ఛెనా ఇసుకలా రాలింది. రెండో రోజు మరీ చల్లారాక పోసింది. నీళ్లు తెల్లగానే ఉండిపోయాయి, సగం ఛెనా వాటితోనే పోయింది. బస్టాండు దగ్గర మిఠాయి కొట్టు పాణు ఒక ముద్ద బొటనవేలితో నొక్కి చూసి తిరిగి పంపించాడు.

"మౌసీ, దీన్ని పాకంలో వేస్తే గులకరాయి చప్పుడొస్తోంది. జేజేమాని ఒక్కసారి అడగరాదూ?"

అడగలేదు. హరమణి మంచాన్ని సరిగ్గా పొయ్యి కనపడేచోట వేయించుకుంది. రోజూ మొత్తం చూసేది. చూసి, ఛెనా గురించి ఒక్క ముక్క అనేది కాదు. ఎప్పుడైనా నోరు తెరిస్తే, "దాల్మా పప్పులో ఉప్పెక్కువైంది," అనేది.

నేను బడి ప్రయోగశాలలోని థర్మామీటరు ఇచ్చాను. సేబతి దాన్ని వారంపాటు వాడి, కడిగి, గుడ్డలో చుట్టి తిరిగి ఇచ్చేసింది.

"ఎంతో చెప్తోంది గురుమా. ఎప్పుడో చెప్పట్లేదు," అంది.

అది నిజమే. ఒక రోజు పాలలో కొవ్వు ఎక్కువ, ఒక రోజు తక్కువ. వానాకాలం పాలకూ చలికాలం పాలకూ తేడా. పుల్లనీళ్ల పులుపూ ఎండను బట్టి మారుతుంది. అంకె ఒక్కటే చూస్తే ఇవన్నీ తెలియవు. ఆమె ఏం చూసిందో నాకు తెలియదు. ఏడో వారంలో ఒకనాడు ఛెనా దూదిలా వచ్చింది. పాణు ముద్ద నొక్కి చూసి, కొట్టులోంచి బయటికి వచ్చి, "ఎవరు పోశారు?" అని అడిగాడట. ఆ సంగతి నటబర ఇంట్లో చెప్పాడు. హరమణి విని, "ఇవాళ ఉప్పు సరిపోయింది," అంది.

అప్పటి నుంచి ఛెనా మళ్లీ తప్పలేదు. కుండ మాత్రం ఇంటికి రాలేదు. సేబతికి కావలసింది అదొక్కటే. దొంగతనంగా తెచ్చి పెట్టడానికి ఆమెకు అడ్డేమీ లేదు. ముసలామె మధ్యాహ్నం నిద్రపోతుంది. అత్త నోటితో తెమ్మంటే తప్ప తేనని ఒకసారి నాతో అంది.

"ఆమె ఊపిరి తీస్తుండగా తీసుకొచ్చాను. ఆమె ఊపిరితోనే తిరిగెళ్లాలి," అంది.

మధ్యాహ్నాలు విరుగునీళ్లు చల్లారేదాకా మా అరుగు మీద కూర్చునేది. నేను ప్రతి ఆదివారం పాప బరువు తూచి గీతల కాగితం మీద చుక్క పెట్టేదాన్ని. గీత కొంచెం కిందికి వంగినా ఆ రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు.

"ఎందుకలా తూస్తావు? నిన్నటి పిల్ల ఇవాళా ఉందా లేదా అనా?" అంది సేబతి ఒకరోజు.

"నిన్నటి పిల్ల ఇవాళ నిజంగానే పూర్తిగా ఉండదు మౌసీ," అన్నాను. ఒంట్లోని అణువులు ఎప్పటికప్పుడు మారుతుంటాయని, తాగిన పాలలోని ప్రోటీన్ ముక్కలై కండలోకి వెళుతుందని, పాత కండ ముక్కలై బయటికి పోతుందని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, కుండ వైపు గడ్డం ఎత్తింది.

"మరి ఇందులో?"

లెక్క వేశాను. ప్రతిరోజూ మూడింట రెండు వంతులు తీసేసి కొత్తవి పోస్తుంటే, ఒకనాటి నీళ్లు మర్నాటికి మూడోవంతు, ఆ మర్నాటికి తొమ్మిదోవంతు మిగులుతాయి. కుండలో ఉండే నీటి అణువులు ఎన్నో చెప్పాలంటే అయిదు పక్కన ఇరవై ఆరు సున్నాలు పెట్టాలి. అయినా రోజూ మూడోవంతుకు తగ్గుతూ పోతే యాభై ఆరు, యాభై ఏడు రోజులకు ఒక్కటంటే ఒక్క అణువు మిగలడం కూడా అనుమానమే. మూడు తరాల మాట అటుంచి, మూడు నెలల కిందటి నీళ్లు కూడా అందులో లేవు. సూక్ష్మజీవులు కూడా అంతే. ఉన్నవి వాటి మనవల మనవలు.

సేబతి వంగి కుండలోకి చూసింది.

"అయితే ఆ రోజు వానలో నేను తెచ్చిన నీళ్లు..."

"రథయాత్ర నాటివి దసరా నాటికే లేవు."

"ఊఁ," అని లేచి, చల్లారిన నీళ్లు కుండలో పోసి, బిందె బోర్లించి వెళ్లిపోయింది.

కిందటి మార్గశిరంలో నాకు బలాంగీర్ బదిలీ అయింది. నెలాఖరుకు చేరాలి. ఇంటివాళ్లు ఈసారి ఇల్లు పంతుళ్లకు ఇవ్వడం లేదు, సొంత మేనల్లుడికి ఇస్తున్నారు. అతను గుడియాయే, ఈ వంశమే. ముసలామెకు డెబ్బై ఎనిమిది. ఆ ఇంట్లో కుండ ఉంటే, ఏదో ఒక రోజు మైలలో పడి కాలవ పాలవుతుంది. ఈలోగా అది సొంత ఇంటికైనా వెళ్లాలి, లేదా ఊరి అవతల ఎవరో తెలియని ఇంటికైనా వెళ్లాలి. నటబర అమ్మను అడిగి చూశాడు. "నా పదో రోజు ఇంకా రాలేదని నీకు గుర్తు చెయ్యమంటావా?" అందట.

సామాన్లు కట్టే రోజుల్లో ఒక సాయంత్రం నేను సెలవు తీసుకోవడానికి వాళ్లింటికి వెళ్లాను. పాప ముసలామె తమలపాకుల పెట్టె తెరిచి వక్కలు వరసగా పేరుస్తోంది. వక్క గొంతుకు అడ్డం పడుతుందేమోనని నేను లేవబోతే, హరమణి కర్ర అడ్డం పెట్టింది.

"కూర్చో పంతులమ్మా. నేను చూస్తున్నాగా. నన్నే అస్థికల కుండలో పెట్టలేకపోయారు, దీనికేమవుతుంది."

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న సేబతి అప్పుడు మాట్లాడింది. ముందే కూర్చుకుని ఉన్నట్టు ఉన్నాయి మాటలు.

"అత్తమ్మా, గురుమా లెక్క వేసి చెప్పింది. నేను ఆ రోజు బయటికి తీసుకెళ్లిన నీళ్లు రెండు నెలల్లోనే అయిపోయాయట. ఇప్పుడు కుండలో ఉన్నదంతా మనింట్లో, మన పొయ్యి మీద, మీ కళ్లముందు కాచిన పాల నీళ్లే. మీ మీద తప్పు చేసిన నీళ్లు ఒక్క చుక్క కూడా లేవు. కుండ తెచ్చుకోవచ్చు."

హరమణి నా వైపు చూసింది. "నిజమేనా?"

"నిజమే జేజేమా."

"ఒక్క చుక్క కూడా?"

"ఒక్కటి కూడా."

ముసలామె తమలపాకుకు సున్నం రాసి, మడిచి, నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది.

"అయితే ఆ రోజుకి మా అత్త నీళ్లు కూడా అందులో లేవుగా. అంతకు రెండు నెలల ముందు నేను పోసినవే ఉన్నాయి. నటబర బస్సెక్కి పక్కూరెళ్లి ఏ ఛెనావాడినడిగినా అర చెంబు ఇచ్చేవాడు. మరి నా ఊపిరి ఆగకముందే వానలో పరిగెత్తి ఏం దాచావే నువ్వు?"

లెక్కలో ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. సేబతి పమిట కొస వేలికి చుట్టుకుంది.

"భయమేసింది," అంది చివరికి. "ఇరవై మూడేళ్లు మీ వీపే చూశాను. మీరు పోతే నాకొచ్చిన పనంటూ ఏమీ లేదు. పోయడం రాదు. ఎప్పుడు ఆపాలో తెలీదు. కుండ ఉంటే, అదైనా నేర్పుతుందేమో అనుకున్నా. మిమ్మల్ని పంపించెయ్యాలని కాదు."

"నేర్పిందా?"

"మొదటి ఆరు వారాలు లేదు."

"ఆ ఆరు వారాలూ చూశాను," అంది హరమణి. ఆకు నోట్లో పెట్టుకుంది. తాపీగా నమిలింది. తరువాత కొడుకుని పిలిచి, "బియ్యం నానబెట్టించు. రేపు గురువారం," అని మాత్రం చెప్పింది.

మార్గశిర గురువారాలు ఇక్కడ లక్ష్మివి. ఇల్లంతా పేడతో అలుకుతారు, కొత్త కుండలు దించుతారు, బియ్యప్పిండి నీళ్లతో వాకిట్లో ముగ్గు పెడతారు. వీధి నుంచి లోపలిదాకా లక్ష్మి పాదాలు వేస్తారు, ఎప్పుడూ లోపలికి నడుస్తున్నట్టే. ఆ రోజు తెల్లవారి నేను తలుపు తీసేసరికి హరమణి మా అరుగు కింద, నేల మీద కూర్చుని ఉంది. పక్కన పిండినీళ్ల గిన్నె. కుండ ఉన్నచోటు నుంచి మొదలుపెట్టి పాదాలు వేస్తోంది. చెయ్యి వణుకుతుండటం వల్ల పాదాలు కొన్ని వంకరగా, కొన్ని మరీ పెద్దగా వచ్చాయి. రెండు వేసి, కర్ర ఊతంతో జరిగి, మళ్లీ రెండు వేస్తోంది. సేబతి వెనక నిలబడి ఉంది.

"నేనేస్తాను అత్తమ్మా."

"నువ్వు కుండ పట్టుకో. నీ పని అది."

వాడ లేచింది. ఇరవై రెండు ఇళ్ల ముందు నుంచీ పాదాలు సాగాయి. ఒకామె, "ముసలమ్మా, లక్ష్మీదేవి తాగిందా ఏంటి ఈసారి, ఇలా తూలుతోంది?" అంది. "నాలుగేళ్లు బయట నిలబడితే నువ్వూ తూలతావు," అంది హరమణి తలెత్తకుండా. పురోహితుడు అటుగా వచ్చి ఆగాడు. శుద్ధి సంగతి ఏదో అనబోయాడు.

"లక్ష్మి లోపలికొచ్చే రోజు ఎవరి చావూ అక్కర్లేదుగా పండితా?"

ఆయన ఆలోచించి, అక్కర్లేదన్నాడు.

ఎండ ఎక్కేవేళకు పాదాలు వంటింటి మూలకు చేరాయి. సేబతి వాటి పక్కనే, ఒక్కటి కూడా తొక్కకుండా నడిచి, కుండను చుట్టకుదురు మీద దించింది. కుదురు కొత్తది. ఎప్పుడు చుట్టిందో తెలియదు, అది ముసలామె చేతి అల్లిక.

"ఇంకోసారి," అంది హరమణి, గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి తీసుకుంటూ. "నిజంగా నాకు అవసాన కాలం వచ్చినప్పుడు. పంతులమ్మ ఉండదు, ఆ ఇల్లూ ఉండదు. పరిగెత్తకు. పదో రోజున తీసుకెళ్లి కాలవలో పారబొయ్యి."

"అత్తమ్మా..."

"పారబొయ్యి. పక్కూర్నించి అర చెంబు తెచ్చుకో. రెండు నెలల్లో నీదే అవుతుంది. పంతులమ్మ లెక్క ఉందిగా."

మర్నాడు మా సామాను లారీలో ఎక్కించారు. అరుగు మీద కుండ ఉన్నచోట తెల్లని గుండ్రటి మరక మిగిలింది. ఎంత కడిగినా పోలేదు. కూర్చోవడానికి ఇంట్లో ఏమీ లేనందువల్ల, లారీ కదిలేదాకా పాపను ఎత్తుకుని సేబతి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. పాలు దించి ఉన్నాయి. ఆమె ముంజేయి ఆవిరికి అడ్డం పెట్టి చూసింది, కాసేపు ఆగింది, మళ్లీ చూసింది. మూలనున్న కుండలోంచి పుల్లనీళ్లు ముంచి అంచు వెంట పోయడం మొదలుపెట్టింది. హరమణి మంచం ఈసారి పొయ్యికి మరింత దగ్గరగా ఉంది. ముసలామె ముందుకు వంగి పాలలోకే చూస్తోంది. తెలుపు ఒక్కసారిగా విడింది. కింద లేత ఆకుపచ్చ కనిపించింది.

"చాలు," అంది హరమణి.

అప్పటికే సేబతి చెయ్యి ఆగి ఉంది.